గడ్డిమనిషికి పెట్టిన కొరివి

భావనపాడులో ఎవరింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలియకపోతే గురమ్మకి ఆ పూట అన్నం సయించదు. అలాంటిది, పడవలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మేనల్లుడు నాగబాబు పెట్టిన వీడియో ఊరంతా చూస్తుంటే ఊరుకుంటుందా?

"ఏట్రా అది?"

"యూదులని ఓ జాతి ఉన్నాదత్తా. జర్మనీలో ఆళ్ళని లచ్చలకి లచ్చలు సంపీసారని లోకమంతా నమ్మింది. అంతా ఆళ్ళల్లిన కట్టుకథంట. శవాలేవీ అని అడుగుతన్నాడు."

"ఎవడాడు?"

"తెల్దు. ఎవరో పంపారు, నానూ పంపాను."

గురమ్మ తిన్నగా హైస్కూల్లో చరిత్ర చెప్పే శైలజ ఇంటికెళ్ళి కూచుంది. శైలజ పాఠ్యపుస్తకం తెరిచి బొమ్మలు చూపించింది. జర్మనీని ఏలినవాళ్ళు ముందు ఊరూరా యూదుల మీద ఇలాంటి నిందలే తిప్పారు, తరవాత జర్మనీలోనూ, ఆక్రమించిన దేశాల్లోనూ చంపారు. పసిపిల్లలతో సహా అరవై లక్షల మందిని. చంపినవాళ్ళ కాగితాలే ఉన్నాయి, బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిందీ ఉంది. శవాలు దొరక్కూడదనే ఎందరినో కాల్చి బూడిద చేశారు.

"అరవై లచ్చలంటే ఎంతమ్మా?"

"శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల జనాన్నీ కలిపినా అంతమంది అవ్వరు గురమ్మా."

గురమ్మ లెక్కెయ్యడం మొదలెట్టింది. నరసన్నపేట బజారు, నెల్లిమర్ల మిల్లు గేటు, పైడితల్లమ్మ జాతర, ఒక్కొక్కటే మనసులో ఖాళీ చేసుకుంటూ పోయింది. ఊళ్ళు అయిపోతున్నాయి గానీ ఆ లెక్క నిండలేదు.

ఒడ్డున నాగబాబు వల కుడుతున్నాడు. పక్కన కూలబడింది.

"ఒరే, మీ మావ సచ్చిపోయాడా, ఉన్నాడా?"

సూది ఆగిపోయింది. తుఫానులో పడవతో పాటు పోయిన గురమ్మ మొగుడి శవం దొరకలేదు. శవానికి బదులు గడ్డితో మనిషిని కట్టి, మావ చొక్కా తొడిగి, ఇసకలో కొరివి పెట్టింది నాగబాబే.

"అదేటి మాటత్తా?"

"శవమేదని రేపెవడైనా అడిగితే నానేటి సూపించాల్రా? మీ మావకి గడ్డి కట్టడానికి నువ్వున్నావు. అక్కడ కొన్నిళ్ళల్లో కట్టీవోడు కూడా మిగల్లేదంట."

నాగబాబు సూది వలలో గుచ్చి పక్కన పెట్టాడు. ఫోను తీసి వీడియో చెరిపేశాడు. "పోయిందత్తా."

"ఎక్కడికి పోయింది? నెల్లిమర్ల నుంచి మన సుట్టాల దేవి ఇప్పుడే ఫోన్ సేసింది, అది నిజమేనా అని."

నాగబాబు పడవలవాళ్ళ గ్రూపులోకి తన గొంతుతోనే మాట పంపాడు. "నాను పెట్టింది అబద్దం. మా మావ శవం నాకూ దొరకలేదు. ఎవరికి పంపారో ఆళ్ళకి ఇది కూడా పంపండి."

గురమ్మ అమ్మకానికి చేపల గంప నెత్తికెత్తుకుంది. ఆవేళ నరసన్నపేట బస్సులో ఆవిడ ఎవరి కబురూ అడగలేదు. కూచున్న ప్రతివాళ్ళకీ ఆ అరవై లక్షల మంది సంగతి తనే చెప్పుకుంటూ పోయింది.