ఇంకొక్క రుద్దు

రాళ్ళ పరిశోధనశాలలో ముప్ఫయ్యేళ్ళుగా రాయిని అరగదీయడమే ఆయన పని. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆయన సాన బాబాయ్. రాతి ముక్కని గాజుపలకకి అతికించి, గరుకు పొడీ నీళ్ళూ వేసి, వెంట్రుకలో సగం మందం మిగిలేదాకా రుద్దాలి. అప్పుడే వెలుతురు దాని గుండా దూరుతుంది. ఎంత మందం మిగిలిందో చెప్పే యంత్రం ఉన్నా ఆయన దాని మొహం చూడడు. కళ్ళు మూసుకుని రాపిడి చప్పుడు వింటాడు. ఆ విషయంలో ఆయన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ గర్వమే కొంప ముంచింది. గడ్డిపోచ మొలవని గుట్ట మీద, రాయిగా మారిన చెట్టు ముక్క ఒకటి దొరికింది. బొటనవేలంత ఉంటుంది. ఎంత వెతికినా అలాంటిది ఇంకోటి దొరకలేదు. దాన్ని ఏరుకొచ్చిన పరిశోధకురాలు రెండుగా కోయించి, మొదటి ముక్క ఆయన చేతికిచ్చింది. బాగానే వచ్చింది. ఇంకాస్త తేటగా రావాలని ఆశపడి ఇంకొక్క రుద్దు రుద్దాడు. పలక మీద ఏమీ మిగల్లేదు. కోట్ల ఏళ్ళు చెక్కు చెదరనిది బూడిదరంగు నీళ్ళయి తూములోకి పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

రెండోది ముట్టుకోనని మొండికేశాడు. ఆ చెట్టు పెరిగిన అడవిలో వానలెలా పడేవో చెప్పగలిగేది ఇదొక్కటేనని, ఇదీ పోతే ఇక తెలిసే దారి లేదని ఆవిడ దాచకుండా చెప్పింది. వేరేవాళ్ళ చేతికి మాత్రం ఇవ్వనంది.

ఈసారి కళ్ళు తెరిచే రుద్దాడు. నాలుగు రుద్దులకోసారి ఆగి, పలకని పాత పేపరు మీద పెట్టి చూశాడు. కింది అక్షరాలు చదవడానికి వీలు కాగానే చెయ్యి తీసేశాడు. ఇంకొక్కటంటూ వేళ్ళు పోరుతూనే ఉన్నాయి. వాటి మాట వినలేదు.

ఆవిడ పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. తర్వాత లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసింది లేదు, చూడమన్నవాళ్ళూ లేరు.

తేనెపట్టులోలాగా గదులే గదులు. మధ్యమధ్య, ఒకప్పుడు నీళ్ళు పైకెక్కిన గొట్టాలు. ఒక్కటీ చెదరలేదు.

"ఎన్నేళ్ళ చెట్టమ్మా?"

"చెప్పలేం బాబాయ్. ఎండకో చలికో ఎదుగుదల ఆగితేనే వలయం పడుతుంది. దీంట్లో ఒక్కటీ లేదు. ఏడాది పొడుగునా వాన పడుతూనే ఉండుంటుంది."

ఆ గుట్ట మీద! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగి అంతా మసకైతే, తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆవిడ లేవమనలేదు.

చివరికి తల ఎత్తి, గోడ పొడుగునా ఉన్న బీరువాల వంక చూశాడు. తన చేతి మీదుగా వెళ్ళిన వేల పలకలు వాటిలోనే ఉన్నాయి. ఉద్యోగం మరో నలభై రోజులుంది.

"రోజుకి ఎన్ని చూడగలనమ్మా?" అన్నాడు.