నలభై ఎనిమిదికి నా హాజరు

ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే పట్టపగలు మలంచా రోడ్డు నడుమ నా సైకిల్ రెండు చక్రాలకూ ఒకేసారి గాలి పోవాలి. దిగి చూస్తే పంపు ఇంట్లో మరిచిపోయి ఉండాలి. ఇంతకు మించిన ఒట్టు ఖరగ్‌పూర్‌లో లేదు. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనీండి.

అరవైల మొదట్లో ఊళ్ళోనే ఇందా పేటలోని కాలేజీలో ప్రీ యూనివర్సిటీలో చేరాను. ఇప్పుడు నా నోరు మూయించాలంటే మా ఆవిడ దానికి టీ గ్లాసు అడ్డం పెట్టాల్సిందే గాని, ఆ రోజుల్లో నేనెంత బిడియస్తుణ్ణంటే, మా రైల్వే క్వార్టర్లలో సగంమంది నన్ను మూగవాడనుకుని జాలిపడేవారు. తెలుగు బడిలో ఆ జాలితోనే నెట్టుకొచ్చాను. అక్కడ మేస్టారు ముఖాలు చూసి హాజరు వేసేవారు. కాలేజీలో ఇంగ్లీషు క్లాసుకు వందమందికి పైనే. పాఠం చెప్పే బెంగాలీ పెద్దాయన రిజిస్టరు మీంచి తల ఎత్తరు. నంబరు పిలుస్తారు. "ఎస్ సార్" వినిపిస్తే గీత, లేకపోతే సున్నా.

నాది నలభై ఏడు. "ఫార్టీ సెవెన్" అనగానే నా మాట కడుపులోంచి బయల్దేరేది. పాసింజరు బండిలా ప్రతి స్టేషనులోనూ ఆగి, చివరికి గొంతు దగ్గర ఔటర్ సిగ్నల్లో నిలబడిపోయేది. అది కదిలి బయటికొచ్చేసరికి ఆయన "ఫార్టీ ఎయిట్" అనేసి ఉండేవారు. నాకు సున్నా, నలభై ఎనిమిదికి గీత. ఒకరోజు తెగించి ముందే మొదలుపెడితే నలభై ఆరు మీద పడింది. ఆ నలభై ఆరు నా పక్కనే కూర్చుంటాడు. కొరకొరా చూశాడు. మళ్ళీ ఆ సాహసం చెయ్యలేదు.

నలభై ఎనిమిది ఎవరో క్లాసులో ఎవరూ చూడలేదు. అలా ఏడాది గడిచింది. పరీక్షల ముందు నోటీసు బోర్డు మీద, హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వనివాళ్ళ పట్టీ అంటించారు. మొదటి బెంచీలో రోజూ కూర్చున్న నేను అందులో ఉన్నాను.

బోర్డు ముందు నిలబడి ఉండగా భుజం మీద ఓ బరువైన చెయ్యి పడింది.

"ఓరి, నలభై ఏడువి నువ్వేనేట్రా?"

తలూపాను. మా తెలుగువాడే, నాకంటే రెండేళ్ళు పెద్ద. మోకాళ్ళ దాకా మట్టి.

"నాను నలభై ఎనిమిది. మైదానంలో బంతి తన్నుకుంటంటే నాకిక్కడ నిండా హాజరేటి, ఏ దేవుడేసినాడని ఆరా తీసినాను. నువ్వంట కదా! సల్లగుండు బాబూ. దా, సింగాడా తిందాం."

సింగాడాలంటే అక్కడి సమోసాలు, రెండు తిన్నాను. అసలు సంగతి చెబుదామనుకున్నాను, సిగ్నల్ పడలేదు.

ఇంట్లో నాన్న ఎగిరిపడ్డాడు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు.

"ఎదర కూకున్నోడికి ఆప్సెంటేట్రా? పరీక్ష పోతే మర్నాడే నాతోటి షాపుకి ఒచ్చీ, అప్రెంటీసులో పడీస్తాను."

షాపంటే నాకు ప్రాణభయం. సుత్తుల హోరులో అక్కడ మంచినీళ్ళు అడగాలన్నా అరవాలి. నాలాంటివాడు దాహంతో పోవాల్సిందే.

మర్నాడు నాన్నే ఉపాయం పట్టుకొచ్చాడు. షాపులో ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. గేటు దగ్గర బోర్డుకు తగిలిస్తే హాజరు పడ్డట్టే, నోరు విప్పక్కర్లేదు. లోకమంతా ఇలాగే నడుస్తుందని ఆయన నమ్మకం. నలభై ఏడు కొట్టిన బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు. "మీ మేస్టారి బల్ల మీద పెట్టీ. ఆయనే అడుగుతాడు."

పెట్టాను. పెద్దాయన దాన్ని పట్టుకుని, నేను కాలేజీలో చేరాక మొదటిసారి తల ఎత్తారు. "ఎటా కార్?" ఎవరిదిది, అని.

లేచి నిలబడ్డాను. అప్పుడు వెనక తలుపులోంచి, ఏడాది మొత్తంలో అదే మొదటిసారి, నలభై ఎనిమిది లోపలికొచ్చాడు. బంతి చంకలోనే ఉంది. "అది ఈడిది సార్. నాకేసిన గీతలన్నీ కూడా ఈడివే," అన్నాడు బెంగాలీలో. క్లాసంతా చప్పట్లు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, గీతలన్నీ ఒక గడి పైకి జరిపారు. నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. అతను రాయలేదు.

ఇప్పటికి వందసార్లు చెప్పుంటాను ఈ కథ. విన్నవాళ్ళు నలభై ఎనిమిదిని మెచ్చుకుంటారు. నేనూ వాళ్ళతో పాటు మెచ్చుకుంటాను.

సైకిల్ మీద బెంగ ఉంది కాబట్టి చెప్పేస్తాను. ఆ తలుపులోంచి ఎవరూ రాలేదు. అది నేను కల్పించింది. "ఎటా కార్?" అంటే నేను జవాబు చెప్పలేదు. క్లాసయ్యాక స్టాఫ్ రూం వరండాలో అందరూ వెళ్ళేదాకా నిలబడి, సగం బెంగాలీ, సగం తెలుగు కలిపి పెద్దాయనకు మొత్తం చెప్పుకున్నాను. అంతా విని, "అయితే నలభై ఎనిమిది అసలు రాడా?" అన్నారు. నాకు తెలీదంటే సరిపోయేది. నా గీతలు నాకెలాగూ వచ్చేవేమో. నేను మాత్రం, సింగాడాలు తింటూ అతనే నాకు చెప్పినదంతా, అతను ఏ మైదానంలో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఆడుతుంటాడో వివరంగా చెప్పాను. ఆ కాలేజీలో నేను ఆపకుండా మాట్లాడింది అదే మొదలు.

పరీక్షలయ్యాక మలంచాలో కనబడ్డాడు. టీ చెప్పాడు.

"ఎవుడో నా సంగతి పెద్దాయనకి సెప్పీసినాడ్రా. ఎవుడో తెలుసేటి నీకు?"

"తెలీదన్నా," అన్నాను.

"పోన్లే. నువ్వు పాసయినావు కదా," అని నా గ్లాసు నా ముందుకు జరిపాడు.