కింది పైపు కూకుంది

మా నాన్న కారుకి ఒక వింత రోగముండేది. సాక్చి బజార్లో రిక్షాల వెనకాల పాకినంతసేపూ దానికేమీ అయ్యేది కాదు. కాస్త ఖాళీ రోడ్డు దొరికి జోరందుకుందో, వేడి చూపించే ముల్లు చివరికెక్కేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చేది. ఆపి తెరిచి చూస్తే చుక్క నీళ్లు కారి ఉండవు. రేడియేటర్ పైగొట్టం, కింది గొట్టం నిక్షేపంలా ఉండేవి. నీళ్లున్నాయి, గొట్టాలున్నాయి, మరెందుకు మరుగుతున్నట్టు? నాకు ఎంతకీ అంతుపట్టేది కాదు.

స్వాతంత్ర్యం రాకముందు నాటి విలాయతి బండి అది. నాన్న పనిచేసే కార్ఖానా షాపులో పెద్దసారొకాయన రిటైరై ఊరొదిలి పోతూ, నీ చేతిలో అయితే బతుకుతుందని నాన్నకిచ్చేసేడు. ఫిట్టర్‌కి అంతకంటే ఏం కావాలి? డ్యూటీ దిగి టిఫిన్ డబ్బా గుమ్మంలో పెట్టి, నేరుగా దాని కిందకి దూరేవాడు. నేనప్పటికి కాసిడీహ్‌లో చిన్నపిల్లల హిందీ బడిలో టీచర్ని. కారు మీద మోజు లేదు గానీ, ఆ మరుగుడు గుట్టేమిటో తెలుసుకోవాలని ఒకటే దురద.

అమ్మకి ఏ దురదా లేదు. "అది కారేటి, కుంపటి," అనేది. బిర్సానగర్‌లో పెళ్లికెళ్తూ దారిలో ఆగిపోయి, పట్టుచీరతో ఎండలో నిలబడాల్సొచ్చిన రోజున తేల్చి చెప్పేసింది. వచ్చే ఆదివారం దాన్ని జుగ్సలాయి పాతినప సామాన్లవాడికి ఇచ్చెయ్యాలి. నాన్న ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయేడు. నేను చూడలేకపోయేను.

పాపం, ఆయన మార్చనిది లేదు. రేడియేటర్ కడిగించేడు, ఫ్యాను బెల్టు మార్చేడు, పైగొట్టం కొత్తదేసేడు. కింది గొట్టం జోలికి మాత్రం పోలేదు. అడిగితే, "దాన్ని చూడక్కర్లేదే. కింది పైపు కూకుందని జుగ్సలాయి మిస్త్రీ మొదట్లోనే చెప్పేడు," అనేవాడు. మూత కూర్చుంది, తలుపు కూర్చుంది అంటాం కదా, సరిగ్గా అమిరిందని. అలాగే అనుకుని నేనూ ఊరుకున్నాను.

ఆ శుక్రవారం బడిలో పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇంటికొచ్చేక అమ్మ ఏదో అడిగితే, అలవాటు చొప్పున హిందీలో "గలా బైఠ్ గయా" అన్నాను.

"ఏటంతంది?" అంది అమ్మ.

"గొంతు కూకుందంట," అన్నాడు నాన్న.

"గొంతు కూకోడమేటి, పీటేసేవా దానికి?"

నవ్వొచ్చింది గానీ నవ్వడానికీ గొంతు లేదు. "కూకోడం కాదు నాన్నా, పడిపోవడం. గోడ కూలితే దీవార్ బైఠ్ గయీ అనరూ?" అని, అంటూండగానే ఆగిపోయేను. "ఆ మిస్త్రీ నీతో తెలుగులో మాట్లాడి ఉండడు కదా. అసలేమన్నాడు?"

"నీచేవాలా పైప్ బైఠ్ జాతా హై, అన్నాడు. ఏం? మా షాపులో బేరింగు బైఠ్ గయా అంటే పని బాగా కుదిరిందనే కదా."

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్లేం. ఇంజను వేసి, ఆయన యాక్సిలేటర్ తొక్కుతుంటే నేను వంగి చూసేను. జోరందుకునేసరికి కింది గొట్టం లోపలికి పీల్చుకుపోయి, చప్పిడై, గోడకి గోడ అతుక్కుపోయి, నీళ్లకి దారి మూసుకుపోయింది. తొక్కడం ఆపగానే మళ్లీ గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు. మేం ఆపి చూసిన ప్రతిసారీ అది బాగుండడానికి కారణం అదన్నమాట. విప్పి చూస్తే, లోపల గొట్టాన్ని నిలబెట్టాల్సిన తీగ స్ప్రింగు తుప్పుపట్టి పొడైపోయింది. మర్నాడు నాన్న గట్టి తీగ చుట్టి స్ప్రింగు చేసి, కొత్త గొట్టంలో దూర్చి, క్లిప్పులు బిగించేడు.

ఆదివారం అమ్మ రానంది. నాన్నా నేనూ బిర్సానగర్ రోడ్డున జోరుగా పోనిచ్చేం. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు. నాన్నే ఎందుకో బండి పక్కకి తీసి ఆపేడు.

"అమ్మా, నీకు హిందీ బాగా తెలుసు కదా. మీ నానమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ నాతో 'దిల్ బైఠ్ రహా హై' అంది. గుండె కుదుటపడతందని ఇన్నాను నాను. హమ్మయ్య అనుకుని డ్యూటీకి ఎలిపోనాను. తిరిగొచ్చేసరికి లేదు." ఆయన స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు. "అదీ ఇదీ ఒకటేనా?"

నా ప్రాణం ఉసూరుమంది. పీల్చుకుపోయిన ఆ గొట్టమే కళ్ల ముందు ఆడింది.

"కాదు నాన్నా, గుండెకి వేరు," అన్నాను. "నువ్వనుకున్నదే. కుదుటపడడమే."

ఆయన రోడ్డుకేసి చూసేడు.

"టీచరమ్మవి, నీకే తెలుసు," అని బండి తీసేడు.