బ్రాకెట్లు పెట్టినా పోని పేరు

ఇంటర్నెట్ సంబంధాలు ఇంకా ఇంటింటికీ చేరని రోజుల్లో, బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసులో నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఆ ఉద్యోగానికి పనికొచ్చిన ఎస్‌క్యూఎల్, అంటే షరతులు పెట్టి కంప్యూటర్లో వివరాలు వెతికే భాష, నాకు నేర్పింది, నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న మనిషే. కంప్యూటర్ కోర్సులో నా పక్క సీటు. తర్వాత బెంగళూరు పక్కనున్న జిగణిలో ఒక ఫ్యాక్టరీలో చేరాడు.

మూడేళ్ళ తర్వాత ఒక రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నాకేం పట్టింపు లేదు. కులం కాని పిల్లంటే మా అమ్మే ఒప్పుకోదు. సంబంధాలు చూస్తానే ఉండాది, నన్నేం చెయ్యమంటావు?" పైగా నేనే అతణ్ణి ఓదార్చాను. నా బుద్ధిని ఏమనాలి!

అతనితో తెగిపోయాకే నేను ఈ ఆఫీసులో చేరాను, ఆ సంగతి అతనికి తెలీదు. కొన్ని నెలలకు మా ఓనరక్క ఒక పెద్దావిడను నా దగ్గర కూర్చోబెట్టింది. "వాళ్ళ పాపకి కులం పట్టింపు లేనోళ్ళు కావాలంట. బెంగళూరులోనో జిగణిలోనో పనిలో ఉండాల. చూడు పాపా."

'కులం పట్టింపు లేదు' అండ్ 'ఊరు బెంగళూరు' ఆర్ 'ఊరు జిగణి' అని టైపు కొట్టాను. స్క్రీన్ నిండా పేర్లు. వాటిలో అతనిది. అంతలోనే నా తప్పు కనిపించింది. ఊళ్ళు రెండింటినీ కలిపి బ్రాకెట్లలో పెట్టలేదు. అలా వదిలేస్తే కులం షరతు బెంగళూరు వాళ్ళకే పడుతుంది, జిగణి వాళ్ళు పట్టింపు ఉన్నా లేకపోయినా అందరూ వచ్చేస్తారు. వాళ్ళమ్మే ఇతని పేరు రాయించి ఉంటుంది, ఇతను అలా వచ్చి ఉంటాడు, పాపం అనుకున్నాను.

"ఆర్ వచ్చినచోట బ్రాకెట్ పెట్టు, లేకుంటే కొంప మునుగుతాది" అని అతనే చెప్పేవాడు. పెట్టి, మళ్ళీ నడిపాను.

నలుగురు మిగిలారు. అతను ఉన్నాడు.

వివరాలు తెరిచాను. కులం పట్టింపు లేదు. నమోదు చేసినవారు: స్వయంగా. అతనికి ఏ కులం పిల్లయినా పర్వాలేదు, నేను తప్ప. మరి ఆ కన్నీళ్ళు ఎందుకు కార్చినట్టు? నేరుగా నువ్వు వద్దని చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని. చూడని వాళ్ళమ్మను ఎన్ని నెలలు తిట్టుకున్నానో!

ప్రింట్లు తీసి ఇచ్చాను. ఓనరక్క అతని ఫోటో పైకి తీసింది. "ఈ పిల్లోడు బాగుండాడు కదప్పా, ఈయన్నే ముందు చూడండమ్మా."

"వద్దక్కా. నమ్మే మనిషి కాదు."

"నీకెట్ల తెలుసు?"

"మూడేళ్ళు నమ్మినా కదక్కా."

ఆ పెద్దావిడ నా ముఖం వంక చూసింది. అతని కాగితం బల్ల మీదే వదిలేసి, మిగతా మూడూ తీసుకుని వెళ్ళిపోయింది.