పిన్నిగారి హమ్మయ్య

ఆస్పత్రి రెండో అంతస్తులో, మెట్లకు ఎడమవైపు మూడో గది ఆవిడది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ దాన్నెవరూ వాడరు. ఊడ్చే మనిషి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ పిన్నిగారే. పదకొండేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. మనసు బాగాలేక వైద్యం చేయించుకుంటున్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం మీదున్న తొమ్మిది ప్రశ్నలు అడగడం. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా మనసు పోకపోవడం, చివరికి బతకాలని అనిపించకపోవడం. ఈ రెండు వారాల్లో ఇవి ఎన్ని రోజులున్నాయి? అసలు లేవంటే సున్నా, దాదాపు రోజూ ఉన్నాయంటే మూడు, మధ్యలోవాటికి ఒకటీ రెండూ. రెండు వారాలకో విడత ఇలా అడిగినప్పుడు మొత్తం తగ్గుతూ వస్తే మనిషి తేరుకుంటున్నట్టు లెక్క.

ఇదంతా ఒక పరిశోధన కోసం. సగంమందికి మాత్రలు, మిగతా సగానికి మాత్రలతో పాటు వారానికోసారి మాటల వైద్యం. రెండింట్లో ఏది మేలో తేల్చాలి. ఎవరికి ఏ వైద్యం జరుగుతోందో పిన్నిగారికి చెప్పరు, చెబితే మనసు ఒకవైపు మొగ్గుతుందని. ప్రశ్న చదవాలి, జవాబు రాయాలి, ముఖంలో మాత్రం ఏమీ కనిపించకూడదని శిక్షణలో గట్టిగా చెప్పారు. ఆవిడ బుద్ధిగా తలూపారు. కానీ ముఖమేమన్నా తలుపా, గడియ పెట్టుకోవడానికి?

వచ్చినవాళ్లకు ముందు గ్లాసుడు మంచినీళ్లు. ఫ్యాను కిందికి కుర్చీ. తర్వాతే కాగితం. ఎవరైనా "అసలు లేదండీ" అన్నారంటే చాలు, ఆవిడ నోట్లోంచి "హమ్మయ్య" అని వచ్చేసేది. ఆ మాట వచ్చినట్టు ఆవిడకే తెలిసేది కాదు. ఎదుటివాళ్లకు మాత్రం బాగా తెలిసేది.

ఆవిడ గదిలో అందరూ బాగుపడేవారు. పక్క గదిలో అవే ప్రశ్నలు అడిగే ఆయన ముఖాన నవ్వన్నది ఎవరూ ఎరగరు. ఆయన కాగితాలన్నీ రెండులూ మూడులూ. దానికి పిన్నిగారు లోలోపల కాస్త పొంగిపోయేవారు. చివరి విడతకు రాకుండా మానేసినవాళ్ల గురించి ఎవరైనా అడిగితే, బాగుపడ్డవాళ్లకు ఆస్పత్రితో పనేముందని నవ్వేసేవారు. మొత్తం మూడుకు దిగి మళ్లీ కనిపించని కండక్టరు భార్య గురించయితే, నా చేతి చలవ అన్నట్టు పదిమందికీ చెప్పుకున్నారు.

ఒక ఉదయం, అంకెలు సరిచూసే అమ్మాయి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పిన్నిగారి గదిలో మాత్రలవాళ్ల అంకెలూ తగ్గుతున్నాయి, మాటలవాళ్లవీ తగ్గుతున్నాయి, అదీ ఒకే లెక్కన. పక్క గదిలో అలా లేదు. మంచిదేగా అమ్మా అన్నారు పిన్నిగారు. ఆ అమ్మాయి వాదించలేదు, పిన్నిగారి దగ్గరికి వచ్చేవాళ్లలో గడియారాలు బాగుచేసే ఒకాయన అంకెల వరస వేలితో చూపించింది. ఇక్కడ పందొమ్మిది, పదకొండు, ఆరు. చెల్లెలి ఆపరేషనుకని పిన్నిగారు సెలవు పెట్టినప్పుడు పక్క గదిలో ఇరవై. రెండు వారాలకు మళ్లీ ఇక్కడ ఐదు.

పిన్నిగారికి చర్రున కోపం వచ్చింది. పక్క గదాయన ముఖం చూసి హడలిపోయి ఇరవై చెప్పి ఉంటాడన్నారు.

"కావచ్చు. కానీ ఇవాళ ఆయన ఆఖరి విడత. ఐదే ఉంటే మందులు తగ్గించి పంపించేస్తారు. ఒక్కసారి రాసింది రాసినట్టు అడగండి పిన్నిగారూ. మధ్యలో ఏమీ అనకండి" అంది ఆ అమ్మాయి.

పదకొండు గంటలకు గడియారాలాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, గోళ్ల సందుల్లో నల్లటి నూనె. బల్ల మీద మంచినీళ్లు లేకపోవడం చూశాడు. మొదటి ప్రశ్నకు అలవాటుగా, అసలు లేదమ్మా అని ఆవిడ ముఖంలోకి చూస్తూ ఆగాడు. పిన్నిగారు నాలుక కరుచుకుని సున్నా రాశారు. రెండోదానికీ అంతే. మూడోదానికి ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇవాళ నామీద కోపమొచ్చిందా అమ్మా?"

"కోపం కాదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన గోడమీదికి చూశాడు. "మీ గడియారం ఐదు నిమిషాలు వెనకుంది. మొదటి రోజే చూశాను. చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నా."

పిన్నిగారు కలం కింద పెట్టారు.

"ఇంట్లో నా మొహం చూసి సంతోషించేవాళ్లు ఎవరూ లేరమ్మా. ఇక్కడ మీరు హమ్మయ్య అనేవారు. దానికోసం నాలుగు అబద్ధాలాడితే పోయేదేముందిలే అనుకున్నా."

ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీశారు. మళ్లీ మొదటి నుంచి అడిగారు. మూడు, మూడు, రెండు, మూడు. తొమ్మిదో ప్రశ్నకు ఆయన చేతులు చూసుకుంటూ, దాదాపు రోజూ అన్నాడు. మొత్తం ఇరవై మూడు. ఆవిడ ఫోను చేయగానే పెద్ద డాక్టరే దిగివచ్చి, ఆయన భుజమ్మీద చెయ్యివేసి తన గదికి తీసుకెళ్లారు. ఇవాళ ఒంటరిగా ఇంటికి పంపేది లేదన్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగి వెనక్కి చూశాడు. పిన్నిగారు గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చారు.

తర్వాత ఆవిడ తలుపు దగ్గరగా వేసి బీరువా తెరిచారు. పదకొండేళ్ల కాగితాలు, ఏడాదికో కట్ట. తక్కువ అంకెలున్నవాటిని తీసి బల్ల మీద పెడుతూ పోయారు. ఏడుపు ముంచుకొచ్చినా చేతులు ఆపలేదు. ఇందులో ఎవరు నిజంగా బాగుపడ్డారో, ఎవరు తన మనసు నొప్పించలేక బాగున్నామన్నారో ఇప్పుడు ఎవరు చెబుతారు?

కండక్టరు భార్య కాగితం నాలుగో కట్టలో దొరికింది. పైన రాసి ఉన్న నంబరుకు ఫోను చేశారు. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. మరోసారి చేశారు. అదే మాట. తొమ్మిదో ప్రశ్న ఎదురుగా తన గుండ్రటి దస్తూరీలో సున్నా ఉంది. ఆ రోజు కండక్టరు భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, చాలాసేపు ఆలోచించి, అసలు లేదు పిన్నిగారూ అంది. తను హమ్మయ్య అన్నారు. అప్పుడు ఆ అమ్మాయి నవ్వింది కూడా.