రాగి గోళానికి బాపు నేసిన పట్టు

రెండు పెద్ద రాగి డేగ్చీలను మూతికి మూతి ఆనించి అతికి, మనిషికన్నా ఎత్తైన గాజు స్తంభాల మీద నిలబెడితే ఎలా ఉంటుందో, మా యంత్రం అలా ఉండేది. ఆ గోళాన్ని కొట్టి ఇచ్చిన అఫ్జల్‌గంజ్ కంచరి అయితే, "ఎవరింట్ల పెండ్లి సార్? ఇంత పెద్ద దాంట్ల ఎంతమందికి వండుతరు?" అని అడిగాడు. మా సార్ నవ్వి, డబ్బు అతని చేతిలో పెట్టారు. చెప్పడానికి ఆయనకైనా మాటలు దొరకాలి కదా!

ప్రపంచమంతా యుద్ధం జరుగుతున్న రోజులవి. పాత బస్తీలోని ఒక కాలేజీలో నేను మెకానిక్‌ని. విదేశంలో చదువుకుని వచ్చిన సార్ తన చేతులతో ఆ యంత్రాన్ని కట్టుకున్నారు. దాన్ని నడపడం, తుడవడం, చెడితే బాగుచేయడం నా పని. కింద మోటారు తిరిగితే, ఒక గుడ్డ పట్టీ రెండు చక్రాల మీద ఆగకుండా పైకీ కిందికీ తిరుగుతుంది. కింద సూదుల వరస ఒకటి ఆ పట్టీకి విద్యుత్తు అంటిస్తుంది. పట్టీ దాన్ని మోసుకుపోయి గోళంలో దించి, ఖాళీగా కిందికి వస్తుంది. అలా దించగా దించగా గోళంలో లక్షల వోల్టులు పోగవుతాయి. పక్కనే గాలి తీసేసిన గాజు గొట్టం ఉంటుంది. ఆ వోల్టుల తోపుకి, అణువుకన్నా చిన్న రేణువులు గొట్టంలో పరుగెత్తి, చివర ఉన్న తెరకు తగులుతాయి. తగిలిన చోట తెర ఆకుపచ్చగా వెలుగుతుంది. రేణువును ఎవరూ చూడలేరు. అది వచ్చి తగిలిందని ఆ వెలుగే చెప్పాలి.

ఇంత గొప్ప యంత్రానికి చెమ్మ అంటే చచ్చే భయం. మూసీ మీది గాలి కాస్త తడిగా వీచినా, పోగైన విద్యుత్తంతా జారిపోయేది. చుట్టూ బొగ్గుల సిగ్డీలు పెట్టి గదిని ఆరబెట్టేవాణ్ణి. గోళం మీద ఒక్క నూలుపోగు నిలిచినా చాలు, దాని కొన నుంచి విద్యుత్తు కారిపోతుంది. అందుకని రోజూ దాన్ని అద్దంలా తుడిచేవాణ్ణి. ఎవరైనా వేలు పెడితే నాకు ఒళ్లు మండేది.

యంత్రం బాగానే నడుస్తుండగా, విదేశం నుంచి తెచ్చిన పట్టీ తెగింది. యుద్ధం వల్ల ఓడలు రావడం లేదు, కొత్తది దొరికే దారి లేదు. "అసలైన పట్టుగుడ్డ అయినా పనిచేస్తది, కాని ఒక్క జరీ పోగు ఉండొద్దు, అది కరెంటును జార్చేస్తది" అన్నారు సార్.

పట్టు అనగానే నాకు మా అమ్మ పెట్టె గుర్తొచ్చింది. మా బాపు మగ్గం మనిషి. తాను చేసుకోబోయే పిల్ల కోసం పెండ్లి చీర తానే నేశాడట. ఆయన పోయాక మగ్గమూ పోయింది. ఆయన చేతి పనిలో ఆ చీర ఒక్కటే మిగిలింది. అమ్మ దాన్ని కట్టుకునేది కాదు. అప్పుడప్పుడు పెట్టె తీసి, చూసుకుని, మళ్లీ మూసేది. అలాంటిదాన్ని రెండు రోజులు తటపటాయించి అడిగాను.

"కరెంటును మోయాల్నా?" అంది అమ్మ అంతా విని. "మీ బాపు నేసింది ఏనుగునైనా మోస్తది. తీస్కపో బిడ్డా."

తానే జరీ అంచు కోసి పక్కన పెట్టింది. పాత చీర కదా, మడతల దగ్గర చిట్లింది. గట్టిగా ఉన్న భాగమంతా కలిపితే ఒక్క పట్టీ వచ్చింది. శుభ్రంగా ఉతికి ఇమ్మన్నాను. ఉతికి, ఆరేసి, కుట్టి ఇచ్చింది.

బిగించి మోటారు తిప్పాను. పట్టీ సరసరా తిరిగింది. గోళంలో మాత్రం చలనం లేదు. ఎండాకాలమే, సిగ్డీలు కూడా మండుతున్నాయి. సూదులు మార్చాం, గోళం మళ్లీ మెరుగు పెట్టాం. వారం గడిచినా తెర చీకటిగానే ఉంది. ఇంటికి పోతే గుమ్మంలోనే అమ్మ, "నడిసిందా?" అని అడిగేది. "రేపు" అనేవాణ్ణి. ఒకరోజు ఆ "రేపు" కూడా నమ్మలేదు. "కోసినంక గూడ పనికి రాకపాయెనా" అంటూ మిగిలిన అంచును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు సార్ పట్టీని వేళ్ల మధ్య నలిపి చూశారు. మందుల పెట్టెలోంచి అయోడిన్ తీసి, కొసన ఒక్క చుక్క వేశారు. చుక్క పడ్డచోట నల్లని నీలం కమ్ముకుంది.

"గంజి ఉంటేనే ఇట్ల నీలమైతది. మీ అమ్మ దీనికి గంజి పెట్టిందా?"

"పెట్టకుంట ఎట్లుంటది సార్?" అన్నాను.

నిజంగానే నాకు అందులో తప్పేమిటో తట్టలేదు. మా ఇంట్లో గంజి పెట్టని బట్ట ఉతికినట్టే కాదు. పట్టీ సరసరలాడుతుంటే మంచి ఉతుకు అని మురిశానే గాని, ఆ గంజి గాలిలోని చెమ్మను లాగి విద్యుత్తును దారిలోనే జార్చేస్తోందని ఊహించలేదు. సార్ కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"గంజి లేని గుడ్డను పెద్దమనుషుల ముంగట పెడ్తరా? సిగ్గు గాదు?" అని అమ్మ గొణిగింది. అయినా వేడినీళ్లలో మూడుసార్లు జాడించి ఇచ్చింది.

చీకటి కోసం కిటికీలకు కంబళ్లు కట్టి, యంత్రం నుంచి వచ్చే కిరణాలు తగలకుండా సీసపు రేకు వెనక నిలబడి మోటారు తిప్పాను. ముందు ఒక సన్నని ఝుమ్మనే చప్పుడు. తరువాత చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పిడుగు పడ్డాక వచ్చే వాసన గదంతా నిండింది. ఆ వెంటనే తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి పుట్టి నిలిచింది. ఎన్నోసార్లు చూసినవాణ్ణే, అయినా ఆ రోజు మోటారు ఆపడానికి మనసు రాలేదు. కంటికి ఆననిదాన్ని తరిమి తరిమి తెర దాకా తెచ్చింది మా బాపు నేత!

కాని ఆ పరుగు గుడ్డను తినేస్తోంది. ప్రతిసారీ నడిపాక నేల మీద పట్టు నూగు కనిపించేది. అమ్మకు తెలియకుండా ఊడ్చేసేవాణ్ణి. ఒక శుక్రవారం, అప్పట్లో మా కాలేజీకి వారం సెలవు రోజు, ఆమె చూస్తానని పట్టుబట్టి వచ్చింది. వచ్చీ రాగానే పట్టీ అంచును వేళ్లతో తడిమింది. మగ్గం ఇంట బతికిన చేతులు, వాటి దగ్గర ఏం దాస్తాం?

"పోగులు లేస్తున్నయ్" అంది.

సార్ తల దించుకున్నారు. "అవునమ్మా. నడిస్తే అరుగుతది. మీరు వద్దంటే ఇప్పుడే ఆపేస్తం. మిగిలింది మీకే ఇచ్చేస్త."

"ముందుగాల నాకు జూపెట్టుండ్రి."

చూపించాం. కొంగు కింద ఆమె నెరిసిన వెంట్రుకలు లేచాయి. కదలకుండా ఆ ఆకుపచ్చ చుక్కనే చూసింది. మోటారు ఆపాక, "పెట్టెల ఉంటే నేనొక్కదాన్నే జూస్తుంటి. నడవనియ్యిండ్రి" అంది. నేను ముఖం తిప్పుకుని కంబళ్లు విప్పాను.

పట్టీ తెగిన రోజు ఇంటికి వెళ్లి నేనే చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేయి ఆపి, "తెగేటప్పుడు వెలుగున్నదా?" అని అడిగింది.

"తెగేదాక ఉండెనమ్మా."

"మీ బాపు గూడ గంతే. ఆఖరి దినం గూడ మగ్గం దిగలె" అంది.