పెరట్లో లక్ష్ముడి కళ్ళం

రాజాం చుట్టుపక్కల పాత రైతుల్ని ఎవరినైనా అడగండి, కళ్ళం వెయ్యడంలో మా లక్ష్ముడు బావని మించినవాడు లేడంటారు. నా చెల్లెలు నారాయణమ్మ మొగుడు కాబట్టి గొప్ప చెప్తున్నాననుకోకండి. మా వూరి బడిలో అయిదో తరగతి వరకే చదివినా, పంచాయతీ మెంబరుగా రెండు దఫాలు గెలిచినవాణ్ణి. మంచినీళ్ల ట్యాంకు, శ్మశానం దారి నా హయాంలోనే వచ్చాయి. లేనిది ఉన్నట్టు రాసే అవసరం నాకు లేదు.

కళ్ళం అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. వరికుప్ప నూర్చడానికి చేసుకునే నేల. గడ్డి చెక్కి, నేల తడిపి, ఎడ్ల చేత తొక్కించి, గట్టిపడేదాకా దిమ్మిసతో మొత్తి, పైన పేడతో అలుకుతారు. బావ వేసిన కళ్ళంలో ఒక్క గింజ మట్టిలో దిగబడేది కాదు. అకాలపు వాన పడినా చుక్క నీరు లోపలికి ఇంకేది కాదు. పక్క వూళ్లవాళ్లు బండి కట్టి మరీ బావని తీసుకుపోయేవారు. తర్వాత కోతమిషన్లు వచ్చాయి. బావ కొడుకే ఇప్పుడు ఆ మిషన్ డ్రైవరు. ధాన్యం సరాసరి ట్రాక్టర్లో పడుతోంది. దిమ్మిస పశువులసాల మూలకి చేరింది.

2016లో మరుగుదొడ్లు కట్టుకున్నప్పుడు, అలాంటిది ఇంటికి ఆనుకుని ఉండకూడదని పెరటి చివర కట్టించాడు బావ. మా వీధిలో అందరూ అంతే. ఆ ఏడు వానల్లోనే అటు వెళ్తూ మా చెల్లెలు జారిపడింది. మాది జిగట నేల. తుంటి విరిగింది. ఆపరేషనయి, కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టేసరికి ఎండాకాలం వచ్చేసింది. మళ్లీ వానలు పడితే పెరటి చివరికి ఎలా వెళ్తుందన్నదే ఇంట్లో రోజూ మాట.

బావ కోడలు సుహాసిని మంచిపిల్ల. కాని మాట దాచుకోదు.

"మావా, రాజాంలో నడుమ కన్నమున్న కుర్సీలు అమ్ముతన్నారు. మంచం పక్కనే ఏసీసుకుంటే అత్త కదలక్కర్లేదు. నాను తీసి పారబోస్తాను."

"ఓలమ్మా! నాది నువ్వెత్తిపోస్తావేటి?" అని మా చెల్లెలు మొహం తిప్పుకుంది. "అలాటి బతుకు నాకొద్దు. వాన్లు పడితే తిండి మానేస్తాను. ఎల్లే పనే ఉండదు."

అన్నంత పనీ చేసే మనిషి. బావ మర్నాడు రాజాం వెళ్లి, కాలిబాటలకి పరిచే సిమెంటు టైల్స్ ట్రాక్టరు మీద తెచ్చాడు. పరిచే మేస్త్రీని పంపుతానని షాపువాడు అంటే, "కళ్ళాలేసిన సేతులివి. నాకు మేస్త్రీ ఏటి?" అన్నాడట.

డెబ్భై దాటిన మనిషి. ఆ ఎండల్లో గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా గడ్డి చెక్కాడు. నేల తడిపాడు. ఎడ్లు లేవు, తనే తొక్కాడు. దిమ్మిస చప్పుడు మా ఇంటికి వినబడేది. అది ఆగిపోతే కూలబడ్డాడేమోనని వెళ్లి చూసేవాణ్ణి. గోడకి జేరబడి, అరచేతుల్లోకి చూసుకుంటూ ఉండేవాడు.

"ఒకప్పుడు పొద్దల్లా మొత్తీవోణ్ణి బావా. ఈ సేతులు నాయి కాదు. ఎవులివో తగిలించేసినట్టున్నాది."

పేడతో అలికి, ఆరబెట్టి, సందు లేకుండా టైల్స్ పరిచాడు. నా హయాంలో సిమెంటు రోడ్లు దగ్గరుండి వేయించినవాణ్ణి, అంత సమంగా ఒక్కటీ రాలేదు. మా చెల్లెలు కర్ర టకటకలాడించుకుంటూ ఆ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది.

"పెళ్లినాడు సాప కూడా పరసలేదు. ముసిల్దాన్నయ్యాక రాళ్లు పరిసినావు," అంది మొగుణ్ణి.

"మెత్తగుంటే నడుస్తావేటి నివ్వు," అన్నాడు బావ.

తొలకరి గట్టిగా కురిసింది. చెల్లెలు నాలుగడుగులు వేసిందో లేదో, రాయి ఒక పక్కకి ఒరిగి, సందులోంచి బురద చివ్వున చిమ్మింది. అక్కడే చతికిలబడింది. ఎముకలకేమీ కాలేదు గాని ధైర్యం పోయింది. ఆ సాయంత్రానికి సుహాసిని కుర్చీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. మా చెల్లెలు దాని వైపు చూడలేదు. అన్నం పళ్లెం తోసేసింది. నీళ్లయినా పెదాలు తడిసేటంతే.

వాన తెరిపిచ్చాక బావ గునపంతో ఒక రాయి లేపాడు. కింద నీళ్లు. ఇంకొకటి లేపినా నీళ్లే. పైపొర బురదైపోయింది. దాని కింద గునపం మోపితే ఖంగుమంది.

"బావా, నా కళ్ళం సెడిపోలేదు. సూడు, సుక్క దిగలేదు."

"మరింకేటి?"

"అదే కొంప ముంచింది. గింజకి ఏసినట్టు ఏసీసినాను. సందుల్లోంచి దిగిన నీరు ఇంకెటెల్తాది? రాళ్ల కిందే కూకున్నాది."

బావ తను మొత్తిన నేలని తనే తవ్వడం మొదలుపెట్టాడు. వెయ్యడం కన్నా తవ్వడమే ఎక్కువ కష్టమైంది. రాళ్లు నేను లేపి గోడవార పేర్చాను. తవ్విన చోట గ్రావెల్, దాని మీద ఏటి ఇసక పోసి, నీరు అరటిచెట్ల వైపు పోయేలా వాటం పెట్టి, మళ్లీ పరుచుకుంటూ వచ్చాడు. కాస్త పరిచేవాడు, పడుకునేవాడు. అన్నాళ్లూ సుహాసిని, నేను గోనెలు పరిచి, చెరో రెక్కా పట్టుకుని చెల్లెల్ని నడిపించాం. ఆ భరోసాతో పూటకింత గంజి తాగింది. తాగిన ప్రతిసారీ మమ్మల్ని పిలవాలి కదా అని సిగ్గుపడేది.

"ఇంక సాలు మావా," అని సుహాసిని కేకలేసింది. "నివ్వూ మంచమెక్కితే నాను రెండో కుర్సీ కొనాల."

"కొను. దాని మీద కూకునీ పరుస్తాను," అన్నాడు బావ. నవ్వే ఓపిక కూడా లేదు.

ఆఖరి రాయి పడ్డాక మళ్లీ గట్టి వాన వచ్చింది. వాన ఆగకుండానే మా చెల్లెలు కర్ర తీసుకుని లేచింది. సుహాసిని పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. తలమీద గోనె కప్పుకుని ఒక్కర్తీ వెళ్లింది. గుమ్మంలో మేం చూస్తున్నాం. నీళ్లు సందుల్లో దిగిపోతున్నాయి. వెళ్లింది, వచ్చింది.

బావ వసారాలో తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకున్నాడు.

"ఆ సివర ఒక రాయి కదుల్తన్నాది," అంది మా చెల్లెలు.

"కదలనీ. నాను కదల్లేను."

ఆవిడ ఎత్తుపీట లాక్కుని, "ఒసే సుహాసినీ, అన్నమెట్టు. కూరేటి సేసినావు?" అంది.

మర్నాడు ఆ రాయి నేనే లేపి, కింద ఇసక సర్ది, గట్టిగా కూర్చోబెట్టాను. బావ పడుకునే చూశాడు.